కీటకాహారి మొక్కలకు నీళ్లు, స్ఫాగ్నమ్ మాస్ పెంపకం: మియాపూర్ బాల్కనీ కేసు

వచ్చిన ఫిర్యాదు

మియాపూర్ ప్రాంతంలోని ఒక అపార్ట్‌మెంటులో, పడమటి బాల్కనీలో పెరుగుతున్న కీటకాహారి మొక్కలు ఏప్రిల్ నెలలో ఒకదాని వెంట ఒకటి పాడవుతున్నాయని, ఆన్‌లైన్‌లో తెప్పించుకున్న బతికున్న స్ఫాగ్నమ్ మాస్ (చిత్తడినేలల్లో పెరిగే నాచు) అయితే మొత్తం గోధుమరంగుకు తిరిగి జిగటగా తయారైందని ఆ ఇంటావిడ నాకు కబురు పెట్టారు. ఆవిడ పదవీ విరమణ చేసిన లెక్కల టీచరు. ఏ మొక్క ఎప్పుడు కొన్నదీ, ఎప్పుడు కుండీ మార్చిందీ, రోజుకు ఎన్ని నీళ్లు పోసిందీ నోటుపుస్తకంలో రాసుకునే అలవాటు ఆవిడకు ఉండటం వల్ల ఈ కేసు పూర్వాపరాలు తెలుసుకోవడం తేలికైంది. ఇలాంటి కేసుల్లో మామూలుగా దొరకనిది అదే.

బాల్కనీలో ఉన్నవి నాలుగు. ఆరంగుళాల ప్లాస్టిక్ కుండీలో మూడు దుంపల వీనస్ ఫ్లైట్రాప్, పక్కనే మరో కుండీలో గొట్టాల్లాంటి ఆకులతో పురుగులను పట్టే సర్రాసీనియా ఉన్నాయి. ఈ రెండు కుండీలనూ ఒకే లోతైన ట్రేలో పెట్టి, అడుగున ఎప్పుడూ నీళ్లు నిలిచి ఉండేలా చూస్తున్నారు. పైన కొక్కేనికి వేలాడుతున్న బుట్టలో నెపెంథిస్ సంకరజాతి ఒకటి ఉంది. బడి పుస్తకాల్లో కూజా మొక్కగా మనకు పరిచయమైనది ఇదే. నాలుగోది మూత ఉన్న గాజు తొట్టెలో స్ఫాగ్నమ్ మాస్. నాలుగింటికీ వంటింట్లోని ఆర్‌వో ఫిల్టరు నీళ్లే పోస్తున్నారు. "మేం తాగే నీళ్లేనండీ పోసేది, బోరు నీళ్లు ఒక్క చుక్క కూడా తగలనివ్వలేదు" అని ఆవిడ మొదటే చెప్పారు. ఆ మాటలో అబద్ధం లేదు.

ఫ్లైట్రాప్ కొత్త ఆకులు చిన్నవిగా వచ్చి, బోను విచ్చుకోకముందే అంచులు నల్లబడుతున్నాయి. సర్రాసీనియా గొట్టాలు పైనుంచి ఎండుతున్నాయి. కుండీల అంచు వెంబడి, మట్టికీ ప్లాస్టిక్‌కూ మధ్య, తెల్లటి పొర వేలుగోటితో గీకితే పెచ్చులుగా ఊడివస్తోంది. మాస్ సంగతి సరేసరి. నెపెంథిస్ మాత్రం నిక్షేపంగా ఉంది; చేతి బొటనవేలంత కొత్త కూజా ఒకటి మూత తెరవడానికి సిద్ధంగా ఉంది.

అవే నీళ్లు పోస్తున్న నాలుగింటిలో మూడు పాడై ఒకటి బాగుండటమే ఈ కేసుకు తాళంచెవి. నీళ్లు చెడ్డవైతే నెపెంథిస్ ఎందుకు బాగుంది? మంచివైతే మిగతావి ఎందుకు పోతున్నాయి? ఎండ అనుకుందామంటే వేలాడే బుట్టకే ఎండ ఎక్కువ తగులుతోంది.

ఈ మొక్కలకు ఖనిజాలు ఎందుకు పడవు

వీనస్ ఫ్లైట్రాప్ పుట్టిల్లు అమెరికాలోని ఉత్తర, దక్షిణ కరోలినా రాష్ట్రాల తీరమైదానం. అక్కడి నేల ఇసుక, కుళ్లిన మాస్ కలిసిన ఆమ్లనేల. తడికి కొదవ ఉండదు గాని పోషకాలు దాదాపు ఉండవు. నత్రజనినీ భాస్వరాన్నీ పురుగుల నుంచి తీసుకునేలా ఆకులు మారిపోయిన ఈ మొక్కల వేళ్లకు, మన తోటమొక్కల వేళ్లలాగా లవణాలను తట్టుకునే శక్తి లేదు. నేలనీటిలో లవణాల గాఢత పెరిగేకొద్దీ వేరు నీటిని లాగలేకపోతుంది, చివర్లు కాలిపోతాయి, ఆపైన దుంప కుళ్లుతుంది.

స్ఫాగ్నమ్ సంగతి ఇంకా సున్నితం. దానికి అసలు వేళ్లే లేవు. ఆకులో రెండు రకాల కణాలు అల్లుకుని ఉంటాయి: సన్నటి ఆకుపచ్చ కణాలు ఆహారం తయారుచేస్తే, వాటి నడుమ పెద్దవిగా, చనిపోయి ఖాళీగా, గోడల్లో రంధ్రాలతో ఉన్న పారదర్శక కణాలు నీటిని నింపుకుని ఉంచుతాయి. ఎండు బరువుకు పదిహేను ఇరవై రెట్ల నీటిని ఈ మాస్ పట్టుకోగలగడానికి కారణం ఈ ఖాళీ కణాలే. కణాల గోడల్లో యూరోనిక్ ఆమ్లాలు దండిగా ఉంటాయి. అవి నీటిలోని కాల్షియం, మెగ్నీషియం, పొటాషియం వంటి ధన అయాన్లను పట్టుకుని, బదులుగా హైడ్రోజన్ అయాన్లను వదులుతాయి. చిత్తడిబీడుల్లో వాననీరు తప్ప మరో నీరు అందని చోట, ఆ కాస్త ఖనిజాన్నీ ఒడిసిపట్టడానికీ, చుట్టూ ఆమ్లత్వం పెంచి పోటీమొక్కలను దూరంగా ఉంచడానికీ ఈ ఏర్పాటు పనికొస్తుంది. సున్నం కలిసిన నీరు రోజూ పోసే ఇంట్లో మాత్రం ఇదే ఏర్పాటు దాని ప్రాణం మీదకు తెస్తుంది. పట్టుకోగలిగినంత కాల్షియం పట్టుకున్నాక వదలడానికి హైడ్రోజన్ మిగలదు, నీటిలోని బైకార్బొనేట్ పీహెచ్‌ను ఏడుకు పైకి తీసుకుపోతుంది, పెరిగే తలలు ఆగిపోతాయి, పాచి ఆ చోటును ఆక్రమిస్తుంది.

కాబట్టి నీటిని చూడవలసిన తీరు రెండు విధాలు. మొత్తం లవణాలు ఎన్ని అన్నది ఒక ప్రశ్న, వాటిలో సున్నం, బైకార్బొనేట్ ఎంత అన్నది మరో ప్రశ్న. నీటిలో కరిగిన మొత్తం లవణాలను, అంటే టీడీఎస్‌ను, చూపే టీడీఎస్ మీటరు మొదటి ప్రశ్నకే జవాబు చెబుతుంది. అదీ సూటిగా కాదు: అది కొలిచేది నీటి విద్యుద్వాహకత, దాన్ని ఒక స్థిరాంకంతో గుణించి మిల్లీగ్రాములుగా చూపిస్తుంది. కొన్ని మీటర్లు 0.5తోనూ కొన్ని 0.7తోనూ గుణిస్తాయి గనక ఒకే నీటికి రెండు మీటర్లు రెండు అంకెలు చూపిస్తే కంగారుపడనవసరం లేదు; ఒకే మీటరుతో వరసగా కొలుస్తూ పోవడమే ముఖ్యం.

కొలతలు

వంటింటి ఫిల్టరు నీళ్లు లీటరుకు 95 మిల్లీగ్రాములు చూపించాయి (కింది మీటరు అంకెలన్నీ ఈ లెక్కలోనే). కీటకాహారి మొక్కలు పెంచేవారు సాధారణంగా 50 లోపు ఉండాలని, తప్పనిసరైతే 100 దాకా సర్దుకోవచ్చని అంటారు. ఆ లెక్కన 95 అన్నది గీత మీద ఉన్న అంకె, ప్రాణాంతకం కాదు. ఆర్‌వో పొర అంతకంటే బాగానే వడకడుతుంది. కాని తాగే నీటికి రుచి కోసం అమర్చిన టీడీఎస్ కంట్రోలరు, పొర దాటని పచ్చి నీటిని కాస్త తెచ్చి శుద్ధజలంలో కలుపుతోంది. దాని మర బిగించి మళ్లీ కొలిస్తే 22 వచ్చింది. కొన్ని నమూనాల్లో కంట్రోలరుకు బదులు ఖనిజాల గుళికలున్న కార్ట్రిడ్జ్ ఉంటుంది. అప్పుడు దానికి ముందున్న గొట్టం నుంచి నీళ్లు పట్టుకోవాలి. మనుషులు తాగే నీటికీ వీటి నీటికీ పోలికే లేదన్నది ఇక్కడ గుర్తుంచుకోవాలి. తాగునీటికి భారతీయ ప్రమాణం ఐఎస్ 10500 (2012) టీడీఎస్‌ను లీటరుకు 500 మిల్లీగ్రాముల దాకా ఆమోదించి, వేరే నీటివనరు లేనిచోట 2000 దాకా అనుమతిస్తుంది.

తర్వాత ట్రేలోని నీటిని కొలిచాను. మీటరు 1,140 చూపించింది.

ఆ అంకె చూసి టీచరుగారు మీటరు పాడైందేమో అన్నారు. అదే మీటరును ఇన్వర్టరు బ్యాటరీలో పోసే డిస్టిల్డ్ వాటరులో ముంచితే 2 చూపించింది. అప్పుడు ఆవిడే నోటుపుస్తకం వెనక పేజీలో లెక్క వేశారు. ఆవిడ రాసుకున్న ప్రకారం జనవరి, ఫిబ్రవరిల్లో ట్రేకు రోజుకు అర లీటరు చొప్పున ముప్పై లీటర్లు, మార్చి నుంచి ఏప్రిల్ నడిమి దాకా రోజుకు లీటరు చొప్పున నలభై ఐదు లీటర్లు పోశారు. డెబ్బై ఐదు లీటర్లను 95తో గుణిస్తే ఏడు గ్రాములు దాటింది. నీళ్లు ఆవిరవుతాయి గాని ఉప్పు ఆవిరి కాదు. ట్రేలోనూ కుండీల్లోనూ కలిపి ఎప్పుడూ ఉండే నీరు సుమారు ఐదు లీటర్లు గనక, లెక్క ప్రకారం లీటరుకు 1,400 పైచిలుకు రావాలి. కొలతకు దొరకని భాగం కుండీ అంచున తెల్లటి పెచ్చుగా కనిపిస్తూనే ఉంది. నాలుగు నెలలుగా ఆ ట్రేను ఒక్కసారి కూడా పారబోయలేదు, ఎందుకంటే పోస్తున్నవి మంచి నీళ్లే కదా అన్న ధీమా.

నెపెంథిస్ ఎందుకు బాగుందో ఈ లెక్కతోనే తేలిపోయింది. దానికి పైనుంచి పోసిన నీరు బుట్ట గుండా దిగి కిందికి కారిపోతుంది. కారిన నీటిని పట్టి కొలిస్తే 120 ఉంది. అంటే ప్రతి పోతా క్రితం పోతలో మిగిలిన లవణాన్ని కడిగేస్తోంది. నిలవనీటి ట్రేలో ఆ కడుగుడు లేదు. నా అభిప్రాయంలో నీటి నాణ్యత గురించి మాట్లాడేవారు క్యాను దగ్గర ఆగిపోవడమే అసలు చిక్కు. క్యానులో ఎంత ఉందన్నదానికంటే, వేసవి గడిచేసరికి కుండీలో ఎంత మిగులుతుందన్నదే మొక్క బతుకును నిర్ణయిస్తుంది. 95 ఉన్న నీటితో కడుగుతూ పెంచిన మొక్క, 40 ఉన్న నీటిని ఆరు నెలలు మార్చకుండా నిలవబెట్టిన మొక్కకంటే సుఖంగా ఉంటుంది.

గాజు తొట్టెలో మరో దోషి

మాస్ తొట్టె విషయంలో ఈ వివరణ సరిపోలేదు. దానికి మూత ఉంది, ఆవిరి లోపలే ఉంటుంది, వారానికి ఒక గ్లాసు కూడా పోయలేదని నోటుపుస్తకం చెబుతోంది. అయినా మాస్‌ను పిడికిట్లో పిండితే వచ్చిన నీరు 610 చూపించింది. లిట్మస్ తరహా పీహెచ్ కాగితం మీద అది ఏడు దాటింది. ఆరోగ్యంగా ఉన్న స్ఫాగ్నమ్ పిండితే నాలుగు, నాలుగున్నర దగ్గర ఉండవలసిన నీరు.

తొట్టెను పొరలు పొరలుగా విప్పాం. పైన చనిపోయిన మాస్, దాని కింద రెండంగుళాల కోకోపీట్ (కొబ్బరిపీచు పొడి), అట్టడుగున నీరు దిగడానికని తెల్లటి అలంకరణ రాళ్లు ఉన్నాయి. ఈ అమరికతోనే ఆ తొట్టెను ఒక విక్రేత అమ్మారు. రాయి ఒకటి తుడిచి, స్టీలు పళ్లెంలో పెట్టి, నిమ్మకాయ సగం చెక్క పిండాను. రసం తగిలిన చోట సన్నటి బుడగలు చిమ్మి, చెవి దగ్గర పెట్టుకుంటే చిటపట వినిపించింది. అది పాలరాయి, అంటే కాల్షియం కార్బొనేట్. గ్రానైటు, క్వార్ట్జ్ అయితే నిమ్మరసానికి ఉలకవు పలకవు. కుండీలో వేసే ఏ రాయికైనా, ఇసుకకైనా ఈ పరీక్ష చేయాలి. నది ఇసుకలో గవ్వ ముక్కలు ఉన్నా బుడగలు వస్తాయి.

కోకోపీట్‌నూ రాళ్లనూ వేర్వేరు గిన్నెల్లో, ఏసీ గొట్టం నుంచి కారే లవణాలు దాదాపు లేని నీటిలో రాత్రంతా నానబెట్టి పొద్దున్న కొలిస్తే అసలు సంగతి బయటపడింది. కోకోపీట్ నీరు 480. కొబ్బరిపీచులో సోడియం, పొటాషియం లవణాలు సహజంగానే ఉంటాయి, సరిగ్గా కడగకుండా ఎండబెట్టిన సరుకులో అవి అలాగే నిలుస్తాయి. పాలరాళ్ల నీరు మాత్రం 38 మాత్రమే. మీటరు ఒక్కటే చేతిలో ఉంటే ఆ రాళ్లను నిర్దోషిగా వదిలేసేవాళ్లమే. అక్వేరియం దుకాణాల్లో దొరికే, నీటిలో బైకార్బొనేట్ ఎంతో చూపే కేహెచ్ చుక్కల పరీక్ష చేస్తే అదే నీటిలో బైకార్బొనేట్ స్పష్టంగా తేలింది.

రెండూ కలిసి చేసిన పని ఇది. కోకోపీట్ నుంచి వచ్చిన పొటాషియం, సోడియం అయాన్లను మాస్ పట్టుకుని ఆమ్లాన్ని వదిలింది. ఆ ఆమ్లం కిందికి దిగి పాలరాయిని కరిగించింది. కరిగిన కాల్షియం తిరిగి మాస్‌కే చేరింది. రాయి ఉన్నంతసేపూ ఈ చక్రం ఆగదు, ఆగవలసింది మాస్ తరఫునే. చుక్క బోరు నీరు పోయకుండానే తొట్టె అడుగున సున్నపు గని పెట్టినట్టయింది.

ఎండదెబ్బ సంగతి

ఇక్కడ ఒక న్యాయమైన సందేహం మిగిలింది. స్ఫాగ్నమ్ చల్లటి ప్రాంతాల మొక్క, మన దేశంలోనూ మేఘాలయ, హిమాలయాలు, పడమటి కనుమల ఎత్తయిన కొండలే దానికి ఇష్టం. నలభై డిగ్రీల హైదరాబాదు ఏప్రిల్లో పడమటి బాల్కనీలో అది వేడికే చనిపోయి ఉండవచ్చు కదా? లక్షణాలను బట్టి కొంత చెప్పవచ్చు. వేడికీ పొడిగాలికీ దెబ్బతిన్న మాస్ పైనుంచి తెల్లబడి కరకరలాడుతుంది, లోపల కాడ పచ్చగానే ఉంటుంది. లవణాలకు దెబ్బతిన్నది తడిగానే ఉండి గోధుమరంగుకు తిరిగి మెత్తబడుతుంది. అయినా లక్షణాలు చూసి తీర్పు చెప్పేకంటే మాస్‌నే అడగడం మేలు.

నా దగ్గర పెంచుతున్న మాస్ పడక నుంచి ఆరోగ్యమైన తలలు తెచ్చి, మూతలున్న పారదర్శక డబ్బాలు మూడింటిలో సమానంగా పరిచి, అదే బాల్కనీలో అదే బల్ల మీద పెట్టాం. ఒకదానిలో ఏసీ నీరు, రెండో దానిలో పాత ట్రే నీరు, మూడో దానిలో ఏసీ నీటితోపాటు అడుగున గుప్పెడు కడిగిన పాలరాళ్లు. వేడి మూడింటికీ ఒకటే. రెండో డబ్బా రెండు వారాలు దాటేసరికి గోధుమరంగుకు తిరిగింది. మూడోది మొదట్లో పచ్చగానే ఉండి అందరినీ నమ్మించింది. నెల గడిచాక తలలు ఎదగడం మానేశాయి, డబ్బా గోడల మీద జిడ్డుగా ఆకుపచ్చ పాచి పట్టింది. మొదటి డబ్బాలో మే నెల ఎండకు తలల కొసలు పాలిపోయాయి గాని, పక్కల నుంచి కొత్త మొగ్గలు వస్తూనే ఉన్నాయి. వేడి దాన్ని ఎదగనివ్వలేదు. చంపింది మాత్రం ఖనిజాలే.

ఖరీదైన మొక్క తెచ్చే ముందు ఈ డబ్బా పరీక్ష ప్రతి ఇంట్లోనూ చేయదగినది. ఫ్లైట్రాప్ దుంపలో నిల్వ ఉంటుంది గనక నీటి దోషాన్ని నెలల తరబడి దాచిపెడుతుంది. మాస్‌కు అలాంటి దాపరికం లేదు. పోయదలచిన నీటితో మాస్ ఆరు వారాలు పచ్చగా ఎదిగితే ఆ నీరు ఫ్లైట్రాప్‌కు పనికొస్తుందని నిశ్చింతగా చెప్పవచ్చు.

ఆ ఇంటికి నీటి ఎంపిక

బోరు నీరు 780 ఉంది. పప్పు ఉడకని నీరని టీచరుగారు ముందే పక్కన పెట్టారు. మరిగిస్తే మంచిదవుతుందా అని అడిగేవారు చాలామంది ఉంటారు: మరిగిస్తే బైకార్బొనేట్‌లో కొంత సున్నంగా పేరుకుని గిన్నె అడుగుకు చేరుతుంది, మిగతా లవణాలు మాత్రం నీరు తగ్గేకొద్దీ మరింత చిక్కబడతాయి. నిమ్మరసమో వెనిగరో కలపమనే సలహా కూడా వినిపిస్తుంది. పీహెచ్ తాత్కాలికంగా తగ్గినా, ఉన్న లవణం ఉన్నట్టే ఉంటుంది, పైగా ఆ ఆమ్లాన్ని కుండీలోని సూక్ష్మజీవులు కొన్నాళ్లకే తినేస్తాయి. అపార్ట్‌మెంట్లలో పెట్టే సాఫ్టెనర్ నీరు మరీ ప్రమాదం, కాల్షియం బదులు సోడియం ఇచ్చి మొత్తం లవణాన్ని అలాగే ఉంచుతుంది గనక. మున్సిపల్ నల్లా నీరు 260 వచ్చింది, దాన్నీ వదిలేశాం.

మిగిలినవి మూడు. కంట్రోలరు మూసిన ఆర్‌వో నీరు 22. కాని ఫిల్టరును రోజూ అలా మార్చి మార్చి వాడటం ఇంట్లోవాళ్లకు ఇబ్బంది, ఒక లీటరు మంచినీటికి అంతకంటే ఎక్కువ నీరు వృథాగా పోతుంది కూడా. ఏసీ గొట్టం నుంచి కారే నీరు గాలిలోని తేమ చల్లబడి నీరై దిగినది గనక దాదాపు డిస్టిల్డ్ వాటరే. మొదటి మగ్గు పారబోసి పట్టినది 8 చూపించింది. దానికి రెండు షరతులు ఉన్నాయి. సర్వీసు చేసేవాళ్లు కాయిల్ మీద కొట్టే రసాయనం కొన్నాళ్ల దాకా నీటిలో వస్తుంది కాబట్టి సర్వీసు అయ్యాక వారం పది రోజులు ఆ నీరు పట్టకూడదు. కాయిల్ దుమ్ము, జిగురు కలవకుండా గొట్టం కొసన మెత్తటి గుడ్డ కట్టాలి. ఇవి కాక హైదరాబాదుకు ప్రత్యేకమైన చిక్కొకటి ఉంది: ఏప్రిల్, మే నెలల్లో ఇక్కడి గాలి పొడిగా ఉంటుంది, అంటే మొక్కలకు నీరు ఎక్కువ కావలసిన రోజుల్లోనే ఏసీ తక్కువ కారుతుంది. విశాఖపట్నంలోనో మచిలీపట్నంలోనో ఈ ఇబ్బంది రాదు, ఉక్కపోతలో ఒక్క రాత్రికే బకెట్టు నిండుతుంది.

అందువల్ల అసలు ఆధారం వాననీరే కావాలి. ఆ మొక్కల సొంత నీరు కూడా అదే. మన దగ్గర వానాకాలంలో తడి ఇసుక నేలల్లో తనంతట తాను మొలిచే డ్రోసెరా ఇండికా, డ్రోసెరా బర్మనై అనే కీటకాహారి మొక్కలు ఈ నీటి మీదే బతికి, విత్తనం పెట్టి, నేల ఎండేసరికి మాయమవుతాయి. ఈ ఇంట్లో డాబా మీది వాననీటి గొట్టం కింద పట్టిన నీరు 70 వచ్చింది. డాబా సిమెంటు నుంచి సున్నం దిగుతుంది, పాత సంపులో నిలవ చేసినా అంతే. ఆరుబయట నాలుగు కర్రలకు ప్లాస్టిక్ పట్టా కట్టి, నడుమ చిన్న రాయితో వాలు పెట్టి, మొదటి పది నిమిషాల వానను వదిలేసి పట్టిన నీరు 9.

ఎంత కావాలన్న లెక్క సులువు. చదరపు మీటరు మీద ఒక మిల్లీమీటరు వాన పడితే ఒక లీటరు నీరు. రెండు చదరపు మీటర్ల పట్టా మీద యాభై మిల్లీమీటర్లు కురిస్తే వంద లీటర్లు, వేసవి మూడు నెలలకు ఆ ట్రేకు కావలసినదీ సుమారు అంతే. హైదరాబాదులో ఏడాదికి సగటున 800 మిల్లీమీటర్లు కురుస్తుంది కాబట్టి వానకు కొదవ లేదు, నిల్వకు చోటే కావాలి. ఆహారపదార్థాలకు వాడే ప్లాస్టిక్ డ్రమ్ము రెండు వందల లీటర్లది నీడలో పెట్టి, వెలుతురు చొరబడకుండా నల్ల పట్టా చుట్టి, మూత కింద దోమతెర బిగించారు. దోమల కోసం డ్రమ్ములో మందు కలపకూడదన్నది మాత్రం గట్టిగా చెప్పాను.

కొత్త పడక

జూన్‌లో మొదటి వానలు పడ్డాక మాస్ పడక మళ్లీ వేశాం. గాజు తొట్టెను పక్కన పెట్టి, ద్రాక్షపళ్లు వచ్చే థర్మాకోల్ పెట్టె తీసుకున్నాం. దాని మందపాటి గోడలు పగటి వేడిని లోపలికి త్వరగా రానివ్వవు. పెట్టె పక్కగోడకు, మాస్ ఉపరితలానికి నాలుగు సెంటీమీటర్లు దిగువన వచ్చేలా వేలంత కన్నం పెట్టాం. ఎంత వాన పడినా, ఎంత పోసినా నీటి మట్టం ఆ కన్నాన్ని దాటదు. స్ఫాగ్నమ్‌కు తడి కావాలి గాని ముంపు పనికిరాదు. ముంచితే తలలు సాగి పలచబడి, పాచికి చోటిస్తాయి.

అడుగున న్యూజిలాండ్ నుంచి వచ్చే ఎండు స్ఫాగ్నమ్, పొడవు పీచుది, వాననీటిలో నానబెట్టి పిండి మళ్లీ నానబెట్టి, పిండిన నీరు 30 లోపుకు దిగేదాకా కడిగి, అరచేయి మందాన పరిచాం. అదిమిపెట్టలేదు, వేలితో నొక్కితే దిగి మళ్లీ పైకి లేచేంత వదులుగా ఉండాలి. దాని మీద బతికున్న మాస్ తలలను కాడ రెండు మూడు సెంటీమీటర్లు ఉంచి కత్తిరించి, తల పైకి ఉండేలా వేలెడు ఎడంతో గుచ్చాం. పొడి పొడిగా తరిగి చల్లినా మొలుస్తుంది గాని నెలలు పడుతుంది, ఈలోగా పాచి గెలిచే ప్రమాదం ఎక్కువ. పైన పెట్టెకు పలచటి ప్లాస్టిక్ కప్పి, గాలి ఆడటానికి ఒక అంచు వదిలేశాం. పడమటి బాల్కనీ నుంచి పెట్టెను తూర్పు కిటికీ దగ్గరకు మార్చి, యాభై శాతం ఆకుపచ్చ షేడ్‌నెట్ కింద పొద్దుటి ఎండ తగిలేలా పెట్టాం. వెలుతురు చాలకపోతే తలలు దూరం దూరంగా, సన్నగా సాగుతాయి, ఎక్కువైతే పాలిపోతాయి. గుండ్రంగా, బిగువుగా, పక్కపక్కనే ఒదిగి ఉన్న తలలు కనిపిస్తే చోటు కుదిరిందని అర్థం.

ఎరువు ఏదీ వేయలేదు. కొందరు ఆర్కిడ్ ఎరువును బాగా పలచన చేసి పిచికారీ చేస్తారు. మన వేడిలో అది మాస్‌కంటే ముందు పాచికి అందుతుందని నా అనుభవం. మొదటి రెండు నెలలు పడక చూడటానికి నిస్సారంగానే ఉంది. ఆగస్టు తర్వాత తలలు కమ్ముకోవడం మొదలై, అక్టోబరు చివరికి అడుగున ఉన్న ఎండు మాస్ కనబడకుండా పోయింది. చలికాలపు రాత్రుల్లో ఎదుగుదల ఇంకా బాగుంది.

మొక్కల సంగతి

పాత కుండీల నుంచి ఫ్లైట్రాప్ తీసి, వేళ్ల మధ్య మట్టి అంతా వాననీటితో కడిగి చూస్తే మూడు దుంపల్లో ఒకటి లోపల నల్లబడి మెత్తబడింది, దాన్ని పారేశాం. మిగతా రెండూ కోస్తే తెల్లగా గట్టిగా ఉన్నాయి. వాటిని కడిగిన ఎండు స్ఫాగ్నమ్ మూడు వంతులు, కడిగిన పెర్లైట్ (తేలికపాటి తెల్లటి రాతి గుళికలు) ఒక వంతు కలిపిన మిశ్రమంలో నాటాం. సర్రాసీనియా వానాకాలమంతా ఉన్నది ఉన్నట్టుగానే ఉండి, సెప్టెంబరులో మొదటి గొట్టం ఎత్తింది. నెపెంథిస్‌ను ముట్టుకోలేదు, నీరు మాత్రం మార్చాం.

ట్రే విషయంలో పెట్టుకున్న పద్ధతి ఒక్కటే. ట్రే నీటిని తరచూ కొలిచి, 100 దాటగానే మొత్తం పారబోసి, కుండీల పైనుంచి డ్రమ్ము నీటితో ధారగా కడిగి, కొత్త నీరు పెట్టాలి. పారబోసినది కరివేపాకు మొక్కకు పోతుంది. మరుసటి మే నెలలో డ్రమ్ము నీరు 14 ఉండగా, ట్రే 100కు చేరడానికి నెల పైగా పట్టింది. క్రితం ఏడాది అదే నెలలో ఫిల్టరు నీటితో వారం లోపే చేరి ఉండేది.

ఇప్పుడు ఎదురైన ఇబ్బంది మరో రకం. ఫ్లైట్రాప్ కుండీ పైభాగంలో అలంకారానికని గుచ్చిన నాలుగు మాస్ తలలు ఏడాది తిరిగేసరికి దుంప నడిమి మొగ్గను కప్పేసేంతగా ఎదిగాయి. రెండు నెలలకోసారి కత్తెరతో మొగ్గ చుట్టూ మాస్‌ను నేలమట్టానికి కత్తిరించమని చెప్పాను. కత్తిరించిన తలలతో టీచరుగారు రెండో థర్మాకోల్ పెట్టె మొదలుపెట్టారు.